కర్రుల అరుగుదల - లేజరు పూత

చల్కనేల దున్నెడి రైతు సోదరులకు కర్రు ఎంత త్వరగా అరుగునో చెప్ప బనిలేదు. రేగడిలో నంత యరుగుదల యుండదు. భేదమునకు కారణము ఇసుక. విక్కర్సు కాఠిన్యపు కొలతలో మెత్తని ఉక్కు 150 దాపున నుండగా ఇసుకలోని పలుగురాయి 1000కి మించును. కావున ప్రతి రేణువును చిన్న ఉలివలె లోహమును గీచివేయును. అట్లని కర్రంతయు గట్టి ఉక్కుతో జేసిన, రాయి తగిలినప్పుడు విరుగును. లోపల సాగుగుణము, పైన కాఠిన్యము కావలెను. మన కమ్మరి కర్రుమొనకు ఉక్కుముక్క నతుకుట ఇందుకొరకే గదా!

ఈ పనినే లేజరు కిరణముతో జేయు పద్ధతి కలదు. హైదరాబాదున విద్యానగరునకు దక్షిణముగా, నగరపు టంచున బాలాపురములో నున్న ఏ.ఆర్.సి.ఐ. యను పరిశోధన సంస్థయందు లోహములపై లేజరు పనులకు ప్రత్యేక విభాగ మున్నది. కిరణము ఉక్కుపై బడినచోట పలుచని పొర కరగును. అచ్చటనే నికెలు, టంగ్‌స్టన్ కార్బైడు కలిసిన పొడి వాయువుతో వచ్చి పడి కరగును. కిరణము ముందుకు సాగగానే వెనుకటి భాగము క్షణములో గడ్డకట్టును. పూత మందము సామాన్యముగా అర మిల్లీమీటరు మొదలు రెండు మిల్లీమీటర్లు. ఇది రంగువలె అంటినది కాదు, అడుగు లోహముతో నేకమైనది. వేడి కొద్దిచోటనే యుండుటచే వస్తువు వంకరపోవుట తక్కువ. అడుగు ఇనుము పూతలో గలిసి దాని గట్టితనమును తగ్గించుటయు తక్కువ. వెల్డింగుతో గట్టిపూత పెట్టునప్పుడు ఈ రెండు లోపములును హెచ్చు.

రోటవేటరు కత్తికి ఇరుప్రక్కల బూయించుట దండుగ యని నా యభిప్రాయము. ఎలుక పన్ను చూడుడు: ముందువైపే గట్టి పింగాణి యుండును, వెనుకభాగము మెత్తన. మెత్తనిది ముందుగా నరుగుటచే పన్ను ఎల్లప్పుడు పదునుగానే యుండును. కత్తికి ఒకప్రక్కనే పూసిన నిదే జరుగును. కాని పూత మితిమీరి గట్టిదైన బీటలువారును, ఱాళ్లపొలములో పెచ్చులూడవచ్చును.

లేజరు యంత్రము మిక్కిలి ఖరీదైనది. ఒక నాగటి కర్రునకు వెల్డింగు కొట్టులో గట్టిపూత కడ్డీతో వేయించుటయే చాలును. సంఘము అద్దెకిచ్చు రోటవేటరు విషయము వేరు. అది పెక్కు పొలములు తిరుగును. దానికి పూసిన కత్తులు కొన్ని, పూయనివి కొన్ని ఎదురెదురుగా సరిజోడుగా బిగించి పరీక్షింపవచ్చును. బిగించుటకు ముందు ప్రతి కత్తిని తూచి, దున్నిన ఎకరములు వ్రాసికొని, పిదప మరల తూచవలెను. ఎకరమునకు తరిగిన గ్రాములు తెలిసినచో పూత ఖర్చు గిట్టునో లేదో లెక్క తేలును. తూచునప్పుడు మట్టి కడిగి ఆరబెట్టుడు. మట్టి యంటిన కత్తి అరుగనట్లే తూగును.