రెండు రూపాయల వడ్డీ

మా అమ్మమ్మ వాళ్లింటికి మూడేళ్లుగా ఎవరూ ఇంటిపన్ను కట్టలేదు. తాతయ్య ఉన్నప్పుడు ఆయనే వెళ్లి కట్టేవారు. ఆయన పోయాక ఆ సంగతే ఎవరికీ గుర్తు రాలేదు. మొన్న మార్చిలో ఆన్‌లైన్‌లో బకాయి చూసే పని నాకు పడింది. నెలకు 2 శాతం సాధారణ వడ్డీ అని తెలిసి, "రెండు శాతమే కదా అమ్మమ్మా, పెద్దగా ఏం అవ్వదులే" అన్నాను.

"రెండు రూపాయల వడ్డీనా? చేబదులు తెచ్చుకున్నా అంత ఇవ్వం కదరా!" అంది.

అప్పుడు వెలిగింది. బ్యాంకులు వడ్డీ ఏడాదికి చెబుతాయి. ఊళ్లో మాత్రం నెలకి, వందకి ఎన్ని రూపాయలో చెబుతారు. నెలకి 2 శాతం అంటే ఏడాదికి 24 శాతం. కాలిక్యులేటర్ చేతిలో ఉన్న నాకంటే ఆవిడకే లెక్క ముందు తట్టింది.

ఇప్పుడు ఉదాహరణ చూద్దాం. ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల్లో ఇంటిపన్ను ఏడాదికి రెండు వాయిదాల్లో కట్టాలి. మొదటిదానికి గడువు జూన్ 30, రెండోదానికి డిసెంబరు 31. ఒక్కో వాయిదా రూ.2,000 అనుకుందాం. మూడేళ్లకు ఆరు వాయిదాలు, అసలు రూ.12,000. మూడో ఏడాది మార్చి చివర్లో కడితే, ఆ వాయిదాలు ఆలస్యమైన నెలలు వరసగా 33, 27, 21, 15, 9, 3. మొత్తం 108. ఒక్కో నెలకి వడ్డీ రూ.40. అంటే వడ్డీయే రూ.4,320!

అదే ఏటా ఏప్రిల్‌లోనే ఏడాది పన్నంతా కట్టేస్తే 5 శాతం రాయితీ ఉంటుంది. మూడేళ్లకు రూ.11,400తో సరిపోయేది. తేడా రూ.4,920.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆలస్య రుసుము వేరు, వడ్డీ వేరు. ఆదాయపు పన్ను రిటర్ను గడువు దాటి వేస్తే రుసుము రూ.5,000, ఆదాయం 5 లక్షలు దాటకపోతే రూ.1,000. అది ఒకసారి పడి ఆగిపోతుంది. వడ్డీ మాత్రం లూప్ లాంటిది, మనం కట్టేదాకా తిరుగుతూనే ఉంటుంది.

"ఎలాగూ మాఫీ చేస్తారులే" అని ఆగేవాళ్లూ ఉన్నారు. నిజమే, 2020లో హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ పాత బకాయిల వడ్డీలో 90 శాతం మాఫీ చేసింది. కానీ అసలు మాఫీ కాలేదు. పైగా మాఫీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. ఈలోపు బకాయి కోసం సామాన్లు జప్తు చేసే అధికారం కూడా మున్సిపాలిటీకి ఉంది.

మా బకాయి అమ్మ కట్టేసింది. ఏప్రిల్ 1కి నా ఫోన్‌లో రిమైండర్ పెట్టాను. ఈసారి సెలవులకి వెళ్లినప్పుడు మీ ఇంటి పాత రసీదు ఒకటి వెతకండి. దాని మీదున్న అసెస్‌మెంట్ నంబరుతో బకాయి ఎంతుందో చూడండి. ఇంట్లో ఆ పని ఎవరిదో కూడా ఒకసారి అడగండి. ఎవరూ జవాబు చెప్పకపోతే, ఇక నుంచి అది మీ పనే.