తెర మీద తిరువాదిరై కళి

తిరువాలంగాడు పాఠకురాలి ప్రశ్న: కాలేజీ స్నేహితురాళ్లు లండన్‌లో, న్యూజెర్సీలో ఉన్నారు. నటరాజు పండుగ ఆరుద్ర దర్శనం నాడు వీడియోలో కలుసుకుని సరదాగా గడపడం ఎలా?

ముందు వేళ కుదరాలి. చలికాలంలో మన రాత్రి 7.30 అంటే లండన్‌లో మధ్యాహ్నం 2, న్యూజెర్సీలో ఉదయం 9. ఎవరి నిద్రా చెడదు.

జూమ్ ఉచిత ఖాతాలో కాల్ 40 నిమిషాలకు తెగిపోతుంది. గూగుల్ మీట్‌లో ముగ్గురు, అంతకుమించి ఉంటే గంట. 2020 థాంక్స్‌గివింగ్ రోజున జూమ్ తన హద్దును తాత్కాలికంగా ఎత్తేసింది గానీ, నిజానికి హద్దు ఉండటమే మేలు. ఆవలింతలు మొదలుకాకముందే ముగుస్తుంది!

అందరూ ఒకేసారి పాడాలనుకుంటే గోలే మిగులుతుంది. ఒక్కో ఇంటికి శబ్దం ఒక్కో ఆలస్యంతో చేరుతుంది మరి. అంత్యాక్షరిలో పాడేది వంతులవారీగా కనుక ఆ చిక్కు లేదు. జూమ్ సంగీతాన్ని కూడా రొద అనుకుని అణిచేస్తుంది. పాడేవారు ‘ఒరిజినల్ సౌండ్’ ఆన్ చేసుకోవాలి.

ఇక తిండి. నటరాజు రత్నసభ ఉన్న తిరువాలంగాడు వారికి వేరే వంటకం వెతకడమెందుకు? ఆ పండుగ నైవేద్యమైన తిరువాదిరై కళికి కావలసిన బియ్యం, పెసరపప్పు, బెల్లం, కొబ్బరి లండన్‌లోనూ దొరుకుతాయి. బియ్యం, పప్పు వేయించి రవ్వగా పట్టే పని ముందే ముగించి, పాకంలో ఉడికించడం కెమెరా ముందు మొదలుపెడితే కబుర్లు వాటంతటవే వస్తాయి.