నడుస్తున్నాం, కేలరీలు రాస్తున్నాం... అయినా బరువు ఎందుకు తగ్గడం లేదు?

ఈ నెల సైన్స్ పేజీ పిల్లల కోసం కాదు, తల్లిదండ్రులైన మీ కోసం.

కరీంనగర్ అంబేద్కర్ స్టేడియంలో, ఎల్‌ఎండీ కట్ట మీద, ఆదిలాబాద్ ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో పొద్దున్నే నడిచేవాళ్లలో మన స్కూలు తల్లిదండ్రులు చాలామందే ఉన్నారు. పీటీఎంలో మార్కుల సంగతి అయిపోయాక కొందరు తల్లులు కుర్చీలోంచి లేస్తూ అడిగే మాట ఒకటుంది: "మేడం, మూడు నెలల నుంచి రోజూ నడుస్తున్న, తిన్నదంతా ఫోన్ల రాస్తున్న, కిలో కూడ తగ్గలే. నాకే ఎందుకిట్ల?" ఇలా అడిగేవాళ్లకు చుట్టుపక్కల నుంచి వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: "నోరు కట్టుకోవాలె." అది అన్యాయమైన జవాబు. నోరు కట్టుకున్నవాళ్లకు కూడా ముల్లు కదలకపోవచ్చు. దానికి కారణాలున్నాయి. వాటిలో చాలావరకు మన పిల్లలు చదివే సైన్సు, లెక్కలతోనే అర్థమవుతాయి.

ముందు కేలరీ అంటే ఏమిటో చూద్దాం. తిండి లెక్కలో మనం కేలరీ అని పిలిచేది నిజానికి కిలోకేలరీ. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కించే శక్తి అది. పిండిపదార్థం ఒక గ్రాముకు 4, ప్రొటీన్‌కు 4, కొవ్వుకు 9 కేలరీలు వస్తాయి. పందొమ్మిదో శతాబ్దం చివర అమెరికాలో విల్బర్ అట్‌వాటర్ అనే శాస్త్రవేత్త చేసిన పని నుంచి వచ్చిన అంకెలివి. బిస్కెట్ ప్యాకెట్ మీద ఉండే లెక్కకూ, మీ ఫోన్ యాప్‌కూ ఇవే ఆధారం. ఇవి సగటు అంకెలు మాత్రమే. అయినా పొరపాటు ఎక్కువగా జరిగేది ఈ అంకెల్లో కాదు, మన వంటింటికీ యాప్‌కూ మధ్య.

వంటింటి లెక్క

బియ్యమే తీసుకోండి. 100 గ్రాముల బియ్యంలో దాదాపు 350 కేలరీలు ఉంటాయి. అదే బియ్యం ఉడికి నీళ్లు పీల్చుకున్నాక 100 గ్రాముల అన్నంలో 130 దాకే ఉంటాయి. యాప్‌లో "రైస్" అని కొడితే రెండూ వస్తాయి. కుక్కర్‌లో వేసేటప్పుడు బియ్యాన్ని తూచి, యాప్‌లో అన్నం అని రాస్తే ఒక్క పూటలోనే 220 కేలరీలు కనబడకుండా పోతాయి. తూచినప్పుడు అది బియ్యమా, అన్నమా అన్నది కూడా రాయాలి.

తర్వాత పప్పు. యాప్‌లో "ఒక కప్పు దాల్" అంటే అది ఎవరి పప్పు? హోటల్లో వెన్న వేసి చేసినదా, మనింట్లో పలుచగా చేసిన పప్పుచారా? మన తిండికి మనవైన పట్టికలు ఉన్నాయి, అవీ మన హైదరాబాద్‌లోనే తయారయ్యాయి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో తమిళనాడులోని కూనూరులో ఒక చిన్న పరిశోధన యూనిట్‌గా మొదలైంది, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. కూనూరులో ఉన్నప్పుడే, 1937లో, అక్రాయిడ్ అనే డైరెక్టర్ భారతీయ ఆహారాల పోషక విలువలను పుస్తకంగా తెచ్చారు. ఆ సంస్థ 2017లో వేసిన కొత్త పట్టికల్లో 528 రకాల ఆహార పదార్థాల వివరాలు ఉన్నాయి. ఎక్కడో ఎవరో టైపు చేసిన యాప్ అంకె కంటే వీటిని నమ్మడం మంచిదని నా అభిప్రాయం.

అన్నిటికంటే సులువుగా లెక్క తప్పేది నూనె. ఒక చిన్న చెంచాలో దాదాపు 40 కేలరీలు, పెద్ద చెంచాలో 120. మనం పోపుకు చెంచాతో కొలిచి పోయం కదా, ప్యాకెట్ వంచుతాం. అందుకని రోజువారీ లెక్క మానేసి నెల లెక్క చూడండి. నలుగురున్న ఇంట్లో నెలకు 4 లీటర్ల నూనె అయిపోతే, లీటరుకు సుమారు 910 గ్రాముల చొప్పున 3,640 గ్రాములు. నలుగురికి, 30 రోజులకు భాగిస్తే మనిషికి రోజుకు 30 గ్రాములు, అంటే 270 కేలరీల పైమాటే. పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2,000 కేలరీల భోజనానికి నూనె, కొవ్వులు కలిపి సూచించింది 27 గ్రాములు. మీ ఇంట్లో నెలకు ఎన్ని ప్యాకెట్లు ఖాళీ అవుతున్నాయో కిరాణా చిట్టీ చూస్తే తెలుస్తుంది. ఈ ఒక్క లెక్క ఆరో తరగతి పిల్లలతో చేయించండి, భాగహారం కూడా వస్తుంది.

ఇప్పుడు ఒక ఊహించిన రోజు తీసుకుందాం. ఒక అమ్మకు రోజుకు 1,900 కేలరీలు ఖర్చవుతాయి. యాప్ 1,500 తినమంది. కాగితం మీద రోజుకు 400 లోటు ఉంది. ఆమె నూనె ఒక చిన్న చెంచా అని రాసింది, నిజానికి ఆమె వంతు మూడు చెంచాలు: 80 తప్పింది. సాయంత్రం వచ్చిన చుట్టాలతో తాగిన రెండు చాయ్‌లు, పాలు చక్కెర కలిపి కప్పుకు 90 చొప్పున, రాయలేదు: 180. పిల్లవాడి లంచ్ బాక్సులో మిగిలిన పులిహోర పారేయడం ఇష్టం లేక నోట్లో వేసుకుంది: 80. పొద్దున నడకకు వాచీ 200 కేలరీలు చూపిస్తే ఆ మేరకు ఎక్కువ తిన్నది, కానీ నడక వల్ల అదనంగా ఖర్చయింది 140: అక్కడ 60. మొత్తం 400. లోటు సున్నా. ఆమె తిండిపోతు కాదు, అబద్ధం రాయలేదు, సకినాల డబ్బా ముట్టనే లేదు.

వాచీ దగ్గర ఎందుకు తేడా వచ్చింది? 70 కిలోల మనిషి ముప్పావు గంట పైన నడిచి 4 కిలోమీటర్లు దాటితే మొత్తం ఖర్చు 200 దాకా ఉంటుంది. కానీ ఆ సమయంలో కూర్చుని ఉన్నా శరీరం 55, 60 కేలరీలు వాడుకునేదే. అది ముందే రోజు లెక్కలో ఉంది. వాచీ దాన్ని రెండోసారి కలుపుతుంది. అందుకని నా సలహా ఏమిటంటే నడవండి, కానీ నడక కేలరీలను తిండి లెక్కలో తిరిగి కలుపుకోకండి.

ఈ పొరపాటు మన దగ్గరే జరిగేది కాదు. 1992లో న్యూయార్క్ పరిశోధకులు, ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని చెప్పే పదిమందిని శాస్త్రీయంగా కొలిచి చూశారు. వాళ్లు తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా, చేసిన శారీరక శ్రమను 51 శాతం ఎక్కువగా చెప్పారని తేలింది. వాళ్ల శరీరం శక్తిని ఖర్చుచేసే తీరులో లోపమేమీ కనబడలేదు.

శరీరం కూడా లెక్క మారుస్తుంది

లెక్క సరిగ్గా రాసినవాళ్ల సంగతి వేరు. వాళ్లకు ఎదురయ్యే చిక్కు ఇంకొకటి. కిలో కొవ్వు తగ్గాలంటే 7,700 కేలరీల లోటు కావాలని జిమ్‌లో, ఫోన్‌లో అందరూ చెబుతారు. ఇది 1958 నాటి ఒక వ్యాసం నుంచి వచ్చిన సూత్రం. దాని ప్రకారం రోజుకు 100 కేలరీలు తగ్గిస్తే ఏడాదికి 4.7 కిలోలు తగ్గాలి. అలాగే కొనసాగితే పదేళ్లకు 47 కిలోలు! 60 కిలోల మనిషి 13 కిలోలకు రావాలి. ఎనిమిదో తరగతి పిల్లలైనా ఇది కుదరదని చెప్పేస్తారు.

ఎందుకు కుదరదంటే, బరువు తగ్గిన శరీరానికి ఖర్చూ తగ్గుతుంది. చిన్న శరీరాన్ని నడిపించడానికి తక్కువ ఇంధనం చాలు. కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2011లో లాన్సెట్ పత్రికలో ఇచ్చిన లెక్క ప్రకారం, రోజుకు 100 కేలరీల శాశ్వత తగ్గింపుతో చివరికి తగ్గేది దాదాపు 4 కిలోలు. అందులో సగం మొదటి ఏడాదిలో, మిగతాదాంట్లో ఎక్కువ భాగం మరో రెండేళ్లలో. కాబట్టి మూడు నెలల్లో ఫలితం కనబడలేదని ఆపేసేవాళ్లు, నిజానికి పని జరుగుతుండగానే ఆపేస్తున్నారేమో.

ఇంకో తమాషా ఉంది. పొద్దున గంట నడిచామన్న భరోసాతో మిగతా రోజంతా మనకు తెలియకుండానే తక్కువ కదులుతాం. లిఫ్ట్ ఎక్కుతాం, మంచినీళ్లు పిల్లలతో తెప్పించుకుంటాం. వ్యాయామం కాని ఈ చిన్న చిన్న కదలికల విలువ ఎంతో 1999లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగం చూపింది. 16 మందికి ఎనిమిది వారాలపాటు రోజుకు 1,000 కేలరీలు అదనంగా పెట్టారు. ఒకరికి పెరిగిన కొవ్వు అర కిలో కూడా లేదు, ఇంకొకరికి 4 కిలోలు దాటింది. తేడాకు ముఖ్య కారణం ఈ మామూలు కదలికలే. ఒకే ఇంట్లో ఒకే కూర తిని తోటికోడళ్లలో ఒకరు సన్నగా, ఒకరు లావుగా ఉండటానికి "అదృష్టం" కాకుండా ఇలాంటి కారణాలు ఉంటాయి.

ముల్లు చెప్పేది సగమే

ఆదివారం బగారా అన్నం, చికెన్ తిని సోమవారం తూకం చూస్తే కిలో పెరిగి కనబడుతుంది. కిలో కొవ్వు పెరగాలంటే 7,700 కేలరీలు అదనంగా తినాలి. ఒక్క రోజులో ఎవరూ అంత తినరు. అది ఉప్పు పట్టి ఉంచిన నీరు. శరీరం గ్లైకోజెన్ రూపంలో దాచుకునే ప్రతి గ్రాము పిండిపదార్థంతో దాదాపు 3 గ్రాముల నీరు ఉంటుంది. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టిన కండరాలు, స్త్రీలకు నెలసరి ముందు రోజులు, ఇవన్నీ నీటిని పట్టి ఉంచుతాయి. వారానికి పావుకిలో కొవ్వు కరుగుతున్నా ఈ నీటి అలల వెనక కనిపించదు. అందుకని రోజూ పొద్దున ఒకే సమయంలో తూకం రాసి, ఏడు రోజుల సగటు తీసి, ఈ నెల సగటును పోయిన నెల సగటుతో పోల్చండి. దాంతోపాటు టేపుతో నడుము చుట్టుకొలత చూడండి. భారతీయుల్లో పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 దాటితే జాగ్రత్తపడాలి.

నడుము ఎందుకంటే, మనవాళ్లు సన్నగా కనబడుతూనే లోపల కొవ్వు దాచుకుంటారు. 2004లో పుణె డాక్టర్ యాజ్ఞిక్, బ్రిటన్ డాక్టర్ యుడ్‌కిన్ ఇద్దరూ తమ ఫోటోనే లాన్సెట్‌లో వేయించారు. ఇద్దరి బీఎంఐ 22.3. యుడ్‌కిన్ శరీరంలో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం! అందుకే మనకు బీఎంఐ 23 దాటగానే అధిక బరువు కింద చూడమంటారు. నడకతోపాటు వారానికి రెండు మూడుసార్లు కండరాలకు పని చెప్పే వ్యాయామం, పళ్లెంలో అన్నం కొంత తగ్గించి పప్పు, గుడ్డు, గుడాలు, పెరుగు పెంచడం అవసరమనేది ఇందుకే. నడుము రెండు సెంటీమీటర్లు తగ్గి బరువు అలాగే ఉంటే మీరు ఓడిపోలేదు.

నిద్ర గురించి ఎవరూ అడగరు. పిల్లల బస్సు ఏడింటికి కాబట్టి నాలుగున్నరకు లేచి బాక్సులు కట్టే అమ్మలు, రాత్రి పదకొండు దాటాక దుకాణం మూసి వచ్చే నాన్నలు మన దగ్గర ఎందరో. 2022లో షికాగో విశ్వవిద్యాలయం ప్రచురించిన అధ్యయనంలో, తక్కువ నిద్రపోయే 80 మంది అధిక బరువున్నవాళ్లలో కొందరిని రోజూ గంట పైన ఎక్కువ నిద్రపొమ్మన్నారు. డైట్ ఏమీ చెప్పలేదు. మిగతావాళ్లతో పోలిస్తే వాళ్లు తినేది రోజుకు 270 కేలరీల దాకా తగ్గింది. ఐదింటి నడక కోసం నిద్ర కోసుకునేవాళ్లు, సాయంత్రం నడిచినా సరిపోతుందేమో చూసుకోండి.

రెండు మూడు నెలలు నూనె, చాయ్ సహా నిజాయితీగా రాసి, సగటు కదలకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. థైరాయిడ్ తక్కువగా పనిచేయడం, పీసీఓడీ, స్టెరాయిడ్లు, కొన్ని షుగర్ మందులు, కొన్ని మానసిక వైద్యపు మందులు బరువును పట్టి ఉంచుతాయి. థైరాయిడ్ ఒక్కటే సాధారణంగా పెంచేది కొద్ది కిలోలే, అందులోనూ చాలావరకు ఉప్పు, నీరు. కాబట్టి ఇరవై కిలోలకు దాన్నొక్కదాన్నే తప్పుపట్టలేం, అలాగని పరీక్ష మానుకోకూడదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ద్వారా రక్త పరీక్షలు ఉచితంగా చేస్తారు. మందులు మీ అంతట మీరు ఆపకండి. షుగర్‌కు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టర్‌కు చెప్పకుండా పూట భోజనం మానకండి.

చివరి సంగతి పిల్లలది, టీచర్‌గా నాకు అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. పళ్లెం ముందు కూర్చుని మీరు అంకెలు చెప్పుకోవడం ఇంట్లో ఉన్న తొమ్మిదో తరగతి అమ్మాయి వింటుంది. ముట్టని లంచ్ బాక్సు ఇంటికి తిరిగి వస్తే కూర బాగాలేదనే అనుకోకండి, ఒకసారి మెల్లగా అడగండి. ఎదిగే పిల్లలకు పెద్దల బీఎంఐ హద్దులు వర్తించవు. 5 నుంచి 18 ఏళ్ల వరకు వయసును బట్టి, ఆడపిల్లలకు వేరుగా, మగపిల్లలకు వేరుగా భారత పిల్లల వైద్యుల సంఘం 2015లో ఇచ్చిన ఎదుగుదల చార్టులు ఉన్నాయి. బరువు ఎక్కువనో, తక్కువనో అనుమానం ఉంటే పిల్లల డాక్టర్ ఆ చార్టు మీద చూసి చెబుతారు. పిల్లల ఫోన్‌లో కేలరీల యాప్ ఉంటే తీసేయండి. మీ తూకం పుస్తకం కూడా హాల్లో గోడకు కాకుండా మీ బీరువాలో ఉండనివ్వండి.