పరిశోధన పాఠశాలకు చేరు దారి

ఐదవ తరగతి చదువు బాలుడు రెండవ తరగతి వాచకములోని చిన్న కథను చదువలేకున్నచో ఆ లోపమెవరిది? బాలునిదని కొందరు, ఉపాధ్యాయునిదని కొందరు, తల్లిదండ్రులదని కొందరు చెప్పుదురు. ఇట్టి వాదములతో పని జరుగదు. ఏ బోధనవలన ఎంత ఫలము కలుగుచున్నదో కొలిచి చూడవలయును. క్రొత్త విత్తనము వచ్చినపుడు ఒక మడిలో పాతదానిని, ప్రక్క మడిలో క్రొత్తదానిని చల్లి దిగుబడిని పోల్చిచూచుట రైతులెరిగినదే. పాఠశాలల విషయమునను అట్టి పరీక్షలు మన దేశముననే జరిగినవి.

మొదటి పరీక్ష

1995లో ముంబయి నగరమున ఆరంభమైన ‘ప్రథమ్’ సంస్థ, చదువులో వెనుకబడిన పిల్లలకొరకు ‘బాల్‌సఖి’ అను పద్ధతిని నెలకొల్పెను. అట్టి పిల్లలను తరగతినుండి వేరుగా కూర్చుండబెట్టి, ఆ ప్రాంతమునకే చెందిన ఒక యువతిచేత దినమునకు సుమారు రెండు గంటలు అక్షరములు, అంకెలు మొదలుకొని నేర్పించిరి. 2001 మొదలు 2003 వరకు వడోదర, ముంబయి నగరములలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డ్యూఫ్లో మున్నగు ఆర్థికశాస్త్రజ్ఞులు దీని ఫలితమును పరిశీలించిరి. ఈ సహాయము పొందిన పాఠశాలలలో పిల్లల మార్కులు పెరిగెను. అందును అట్టడుగున నున్నవారికే అధిక లాభము కలిగెను. ఈ ఇరువురు, మైకేల్ క్రెమర్‌తో కలిసి, 2019లో ఆర్థికశాస్త్రమున నోబెల్ బహుమతిని పొందిరి.

కారణము గ్రహించుట కష్టము కాదు. ఉపాధ్యాయుడు సంవత్సరాంతమునకు పాఠ్యప్రణాళికను ముగింపవలయును. పాఠము ముందునకు సాగును. అక్షరములు రాని బాలుడు మొదటనే నిలిచిపోవును. ఏటేట తరగతి మారునే గాని చదువు మారదు.

ఆచరణలోని చిక్కు

ఫలితము తెలిసినంత మాత్రమున పని పూర్తి కాలేదు. బీహారులో 2008వ సంవత్సరపు వేసవి శిబిరములందు ప్రభుత్వోపాధ్యాయులే ఈ పద్ధతిని అనుసరింపగా పిల్లల పఠనశక్తి పెరిగెను. కాని పాఠశాలలు తెరచిన పిమ్మట, ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చి పుస్తకములు పంపినను, అంతమాత్రమున చెప్పుకోదగిన మార్పు కానరాలేదు. ఉపాధ్యాయులకు చేతకాక కాదు. పాఠ్యప్రణాళికయే దినమంతయు ఆక్రమించుటవలన ఈ పనికి తావు లేకపోయెను.

ఈ అనుభవమును గమనించి, 2012–13లో హర్యానా రాష్ట్రమున మూడు మార్పులు చేసిరి. దినమునకొక గంటను దీనికే ప్రత్యేకించిరి. ఆ గంటలో పిల్లలను తరగతినిబట్టి కాక, వారికి వచ్చిన చదువునుబట్టి జట్లుగా కూర్చుండబెట్టిరి. పర్యవేక్షకులు తామే ముందుగా ఈ పద్ధతిలో బోధించి నేర్చుకొని, పిదప ఉపాధ్యాయులకు తోడ్పడిరి. అప్పుడు భాషలో ఫలితము కానవచ్చెను.

ఇప్పుడు ఉపాధ్యాయులకు పాఠములు సెల్‌ఫోనులోనే లభించుచున్నవి. 2017లో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన ‘దీక్షా’ ఇట్టి సాధనమే. ఇవి మేలైనవే, కాని పుస్తకములు పంపినంతనే బీహారులో మార్పు రాలేదని మరువరాదు. చూచిన పాఠమును ఆచరించుటకు వేళయు, తోడ్పడు మనిషియు ఉన్నపుడే అది బాలునివరకు చేరును.

గ్రామము చేయదగిన పని

బాలుని స్థాయి తెలిసికొనుటకు పెద్ద పరీక్షలక్కరలేదు. 2005 నుండి గ్రామములలో ఇంటింటికి వెళ్లి జరుపుచున్న ‘అసర్’ సర్వేలో వాడు పరీక్ష ఒక్క కాగితముపై ఇమిడియుండును. అక్షరములు, చిన్న మాటలు, మొదటి తరగతికి తగిన నాలుగు వాక్యములు, రెండవ తరగతికి తగిన ఒక కథ: ఇవియే అందలి మెట్లు. బాలుడు తడబడక చదువగలిగిన పైమెట్టే అతని స్థాయి. 2024వ సంవత్సరపు సర్వేలో, దేశమందలి గ్రామీణ బాలలలో ఐదవ తరగతివారు కథామెట్టును చేరినది సగము మందికి లోపుగానే.

ఈ పరీక్ష చేయునపుడు కొన్ని సంగతులు గుర్తుంచుకొనవలయును. బాలుని ఒంటరిగా పిలిచి, ప్రేమతో చదివింపవలెను. పదుగురిలో నిలబెట్టి అవమానింపరాదు. ‘మొద్దు’ అను పేరు ఎన్నడును పెట్టరాదు. జట్టు శాశ్వతము కారాదు; కొన్ని వారములకొకమారు మరల చదివించి, ముందునకు సాగినవానిని పైజట్టులో చేర్పవలెను. చదువురాని తల్లియు ప్రతిదినము బిడ్డచేత ఒక పుట చదివించుకొని వినవచ్చును. ఆమె వినుచున్నదన్న తలంపే బిడ్డకు ఉత్సాహము నిచ్చును.

పాఠశాల కమిటీ సభ్యులు భవనము, ప్రహరీగోడ, మధ్యాహ్న భోజనములగూర్చి విచారించుట తగినదే. వానితోపాటు, మన పాఠశాలలో కథామెట్టును చేరినవారెందరు, అక్షరములవద్దనే నిలిచినవారెందరు అని అడుగుట అలవరచుకొనవలయును. లెక్క తెలిసిన నాడు ఉపాధ్యాయుని కోరవలసినదేమో, ఆయనకు గ్రామము చేయవలసిన సహాయమేమో తేటపడును. ఆ ఒక్క గంటను ఆయనకు సమకూర్చి, అందు పిల్లలందరు హాజరగునట్లు చూచుట గ్రామ పెద్దల బాధ్యత.