ముద్రలను ధిక్కరించిన తెలుగు రచనలు

రాయలసీమ అనగానే సినిమాకు బాంబులే గుర్తొస్తాయి. ఆదోని పత్తి మార్కెట్టు, ఎమ్మిగనూరు మగ్గం కనబడవు. ఆ ముద్రకు భిన్నంగా సీమ చరిత్రను నవలగా మలిచిన బండి నారాయణస్వామి 'శప్తభూమి'కి 2019 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది.

పరీక్షల్లో తరచూ అడిగేది గుర్రం జాషువా 'గబ్బిలం' (1941). కాళిదాసు మేఘం యక్షుడి విరహాన్ని మోస్తే, ఇది దళితుడి ఆకలిని, అంటరానితనాన్ని శివుడి దగ్గరికి మోసింది. దూత ఎంపికలోనే ఉంది దెబ్బంతా: ఆ దళితుడికి గుడి ప్రవేశం లేదు, అపశకునమనే గబ్బిలానికి ఉంది! ప్రక్రియ అడిగితే సందేశకావ్యం అని రాయాలి.

ముస్లింలపై పడిన అనుమానపు ముద్రను ప్రశ్నించిన దీర్ఘకవిత ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' (1991). ముస్లింవాద కవితా సంకలనం 'జల్‌జలా' 1998లో వచ్చింది.