కౌజు పిల్లలకు మొదటి వారం

రాయగడ

చిరంజీవి మేనల్లుడికి అత్త దీవెనలు.

కుందురలో వెనకింటి కొట్టు ఖాళీ చేసి కౌజు పిట్టలు పెంచుతానన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. విశాఖ వైపు ఎవరితోనో వంద పిల్లలకు మాట్లాడేశావట కూడా. ఆలోచన మంచిదే. అయిదు వారాలకు అమ్మకానికొచ్చి, ఆరేడు వారాలకు గుడ్డు పెట్టే పక్షి కోళ్లలో ఎక్కడుంది? కాకపోతే కేజీల లెక్క, గుడ్ల ధర అన్నీ చెప్పావు గాని బ్రూడర్ ఊసే ఎత్తలేదట. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు తెచ్చేది జపనీస్ కౌజు. 1974లో అమెరికాలోని కాలిఫోర్నియా నుంచి ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్‌కు తెచ్చిన జాతి అది. మన పొలం గట్ల మీద బుర్రుమని లేచే అడవి కౌజు వేరు. దాన్ని పట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. సంతలో ఎవరైనా చవగ్గా ఇస్తానన్నా ముట్టుకోకు. పెంపుడు కౌజుకి తరాల తరబడి మిషన్లోనే పిల్లలు లేపడంతో పొదిగే గుణం పోయింది. పదిహేడు, పద్దెనిమిది రోజులకు గుడ్డు పగలగొట్టుకుని వచ్చిన పిల్ల ఏ ఎనిమిది గ్రాములో ఉంటుంది. ఒంటి వేడి నిలుపుకునే శక్తి దానికి లేదు, రెక్క కింద పెట్టుకునే తల్లీ లేదు. ఆ తల్లి పని నువ్వు కట్టే బ్రూడరే చెయ్యాలి.

పెద్ద ఖర్చేం కాదు. వంద పిల్లలకి నాలుగడుగుల వెడల్పున గుండ్రంగా అట్టతోనో రేకుతోనో అడుగున్నర ఎత్తు దడి కట్టు. నలుచదరం పెట్టె వద్దు. చలేస్తే పిల్లలన్నీ మూలకి చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, కిందవి ఊపిరాడక చస్తాయి. గుండ్రంగా ఉంటే ఆ మూలే ఉండదు. కింద రెండంగుళాలు వరి ఊక పరిచి, మొదటి నాలుగైదు రోజులు దాని మీద గరుకు అట్ట వెయ్యి. ఊక కనబడితే మేతనుకుని తినేస్తాయి. న్యూస్ పేపరు మటుకు వెయ్యకు. నున్నటి కాగితం మీద కాళ్లు జారి చెరోవైపు చీలిపోతే ఆ పిల్ల ఇక నిలబడదు.

వేడికి అరవై వాట్ల పాత రకం బల్బులు రెండు వేలాడదియ్యి. ఎల్‌ఈడీ వెలుగిస్తుంది గాని వేడి ఇవ్వదు. రెండెందుకంటే, అర్ధరాత్రి ఒకటి మాడిపోయినా రెండోది ఉంటుంది. మొదటి వారం పిల్ల వీపు ఎత్తులో 35 నుంచి 37 డిగ్రీలు ఉండాలి. తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ పోవచ్చు. బల్బులు దడికి నడిమధ్యన కాకుండా ఒక పక్కకి ఉంచు. రెండో పక్క కాస్త చల్లగా ఉంటే పిల్ల తనకెక్కడ హాయిగా ఉందో తానే చూసుకుంటుంది.

థర్మామీటరు కొను, కానీ దానికంటే ముందు పిల్లల్ని చూడు. బల్బు కింద గుంపుకట్టి, ఆగకుండా సన్నగా కీచుకీచుమంటుంటే చలి. బల్బు కిందికి దించు. దడి అంచుకి పోయి నోళ్లు తెరిచి రొప్పుతుంటే వేడెక్కువ, పైకి లాగు. అన్నీ ఒకే పక్కన నక్కితే ఎక్కడినుంచో ఈదురుగాలి కొడుతోంది, ఆ సందు మూసెయ్. అక్కడొకటి ఇక్కడొకటి కాళ్లు బారజాపి పడుకుంటే చచ్చిపోయాయని కంగారుపడకు, అంత సుఖంగా ఉన్నాయన్నమాట.

చలి తర్వాత పిల్లల్ని ఎక్కువగా పొట్టన పెట్టుకునేది నీళ్ల గిన్నె. అంగుళం లోతు నీళ్లు చాలు, అందులో పడి మునిగిపోవడానికి. మునక్కపోయినా తడిసిన పిల్ల చలికి పోతుంది. అందుకని పళ్లెంలో గులకరాళ్లు నింపి, వాటి సందుల్లో ముక్కు మునిగేటంతే నీళ్లు పొయ్యి. కిరండోల్ రైల్లో అరకు ఘాటీ ఎక్కి వచ్చే పిల్లలు అలిసిపోయి ఉంటాయి. దించగానే గోరువెచ్చని నీళ్లలో కాస్త గ్లూకోజు కలిపి, నాలుగైదింటి ముక్కులు అందులో తాకించు. వాటిని చూసి మిగతావి నేర్చుకుంటాయి. నీళ్లు తాగాక మేత. ఇంట్లో చోళ్లున్నాయి కదా అని ఆ నూక వెయ్యకు. కౌజు పిల్లకి నూటికి 24 పాళ్లకు తగ్గకుండా మాంసకృత్తులు కావాలి. బ్రాయిలర్ ప్రీ స్టార్టర్ మేత తెచ్చి, మిక్సీలో రవ్వలా ఆడించి, పళ్లెంలో పలచగా చల్లు.

కరెంటు సంగతి నీకు నేను చెప్పాలా? గాలివాన వస్తే మీ కుందురలో ఎంతసేపు పోతుందో నీకే తెలుసు. అలాంటప్పుడు తలుపులు బిగించి బొగ్గుల కుంపటి పెట్టేవు సుమా! దాని విషపు గాలికి పిల్లలే కాదు, పక్కన కూర్చున్న నువ్వూ పోతావు. సీసాల్లో వేడినీళ్లు పోసి, గోనెగుడ్డ చుట్టి దడిలో పెట్టు, చల్లారినప్పుడల్లా మార్చు. దడి మీద సన్న కన్ను జాలీ కప్పు. రెండో వారానికి పిల్లలు ఎగరడం మొదలెడతాయి. పైగా పిల్ల ఎలుక దూరడానికి అర అంగుళం సందు చాలు. జాలీ మీద మాత్రం గోనె పూర్తిగా కప్పెయ్యకు, గాలి ఆడాలి. తడిసిన ఊక ఏ రోజుకారోజు తీసెయ్. కొట్లోకి అడుగుపెట్టగానే కళ్లు మండాయంటే, నేల దగ్గర బతికే పిల్లకి అంతకంటే ఎక్కువ మండుతున్నట్టే. మీ నాటుకోళ్లని ఆ ఛాయలకి రానివ్వకు, వాటి జబ్బులు వీటికి అంటుకుంటాయి. వరసగా పిల్లలు చస్తుంటే నాకు ఫోన్ చేస్తూ కూర్చోకుండా, చచ్చినదాన్ని కవర్లో కట్టి అదే పూట పశువుల ఆసుపత్రికి పట్టుకెళ్లు. సెమిలిగుడలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, వీలు చూసుకుని ఒకసారి వెళ్లి మాట్లాడు.

ఇంకొక్క మాట. ఈ పుష్యమాసపు చలిలో మొదలుపెట్టకు. శివరాత్రి దాటనీ. మొదటిసారి వంద కూడా ఎక్కువే, యాభైతో సరిపెట్టు. పిల్లలు రాకముందే ఖాళీ బ్రూడర్లో బల్బులు ఒక రాత్రంతా వెలిగించి, పది గంటలకీ తెల్లవారుజామున మూడింటికీ థర్మామీటరు ఎంత చూపిందో రాసి నాకు వాట్సాప్ చెయ్యి. రెండు అంకెలూ 35కి తగ్గకుండా ఉంటే ఆ యాభై పిల్లల డబ్బు నేను పంపిస్తాను. తగ్గితే ముందు ఆ కొట్టు కన్నాలు పూడ్చు.

మీ అమ్మని మోకాళ్ల మందు మానొద్దని చెప్పు.

ఇట్లు
మీ అత్త