దుడుకు పిల్లలూ – దెబ్బలూ

మన ఊళ్లలో పిల్లవాడు పదే పదే దెబ్బలు తగిలించుకుని వస్తే "వీడికి కాలు నిలవదు, ఒళ్లంతా పొగరు" అంటాం. పడి వచ్చినవాడికి పైన ఇంకో రెండు తగిలిస్తాం. కాని ఆ పిల్లల్లో కొందరికి ఉన్నది పొగరు కాదు, ఒక లోపం అని వైద్యశాస్త్రం చెబుతోంది. తెలుగులో అవధాన లోపం అనవచ్చు, డాక్టర్లు ఎ.డి.హెచ్.డి. అంటారు.

ఇది నిన్న మొన్న పుట్టింది కాదు. తెలివికి కొదవ లేకపోయినా తమను తాము అదుపు చేసుకోలేని పిల్లల గురించి 1902లోనే లండనులో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు ఉపన్యాసాలిచ్చాడు. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దీన్ని అవధాన లోపంగా పేర్కొంది. 1987లో అతి చురుకుదనాన్ని కూడా పేరులో చేర్చింది.

లక్షణాలు మూడు రకాలు: మనసు నిలవకపోవడం, ఒళ్లు నిలవకపోవడం, ముందు వెనకలు చూడని తొందర. మన నుదుటి వెనుక ఉన్న మెదడు భాగం బండికి బ్రేకు లాంటిది. "ఆగు, చూసి దూకు" అని చెప్పేది అదే. ఈ పిల్లల్లో అది ఎదగడం ఆలస్యమవుతుంది. అందుకే ఎముకలు విరగడం, కాలడం, రోడ్డు ప్రమాదాలు వీళ్లకి తోటివాళ్లకంటె ఎక్కువ.

మాది నర్సీపట్నం దగ్గర చెరకూ వరీ పండించే కుటుంబం. మా వైపు ఈ లోపం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. గానుగలోకి గడ తోస్తున్నప్పుడు రెప్పపాటు చూపు మళ్లితే చాలు. మరిగే బెల్లం పెనం, గట్టు లేని నేలబావి, మోటారు తీగలు ఉండనే ఉన్నాయి. బడిలో బెంచీ మీంచి దూకితే మోకాలు చెక్కుకుపోతుంది. గానుగ దగ్గర అదే దూకుడుకి చెయ్యే పోవచ్చు. కాస్త ఎదిగాక గెంతులు తగ్గుతాయి గాని తొందర పోదు. అప్పుడు చేతికి మోటారు సైకిలు తాళం వస్తుంది, ఎదురుగా చింతపల్లి ఘాట్ రోడ్డు ఉంటుంది.

మా వీధిలో ఒక గుంటడు ఒక్క ఏడాదిలో మూడుసార్లు కట్టు కట్టించుకున్నాడు. "మోటారు కాడికి ఎళ్లకూడదని తెలీదేట్రా?" అంటే "తెల్సు" అంటాడు. నిజమే, వాడికి తెలుసు. ఆ క్షణానికి గుర్తు రాదు, అంతే. కొడితే భయం పెరుగుతుందే గాని బ్రేకు పెరగదు.

అల్లరి పిల్లలందరికీ ఈ లోపం ఉందనుకోకూడదు. లక్షణాలు పన్నెండేళ్లలోపే మొదలై, కనీసం ఆరు నెలలు, ఇంట్లోనూ బడిలోనూ కనబడాలి. చూపు, వినికిడి, నిద్ర సరిగా ఉన్నాయో లేదో కూడా చూడాలి. ఆడపిల్లల్లో తరచు గెంతులకంటె పరధ్యానమే ఎక్కువ. పొయ్యి దగ్గర చెయ్యి కాల్చుకున్న పిల్లని "పరాకు మనిషి" అని వదిలేస్తాం.

మరి చెయ్యవలసిందేమిటి? ముందు చోటు సరిచెయ్యాలి: బావికి గట్టు, మోటారు బెల్టుకి మూత, గానుగ దగ్గరికి పిల్లలు రాకుండా కట్టడి. చెప్పే మాట ఒక్కొక్కటిగా, పొట్టిగా చెప్పాలి. విన్న వెంటనే మెచ్చుకోవాలి. తర్వాత డాక్టరుకి చూపించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వ బడుల్లో పిల్లలను పరీక్షిస్తారు. ఆ జాబితాలో ఈ లోపం కూడా ఉంది. విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. 2022లో వచ్చిన టెలీ మానస్ నంబరు 14416కి డబ్బు ఖర్చు లేకుండా ఫోను చెయ్యవచ్చు. చిన్న పిల్లలకు ముందు తల్లిదండ్రులకిచ్చే శిక్షణే వైద్యం. పెద్ద పిల్లలకు అవసరమైతే నిపుణుడు మందు రాస్తాడు. మందు వాడిన పిల్లల్లో గాయాలు తగ్గినట్లు డెన్మార్కులో 2015లో వెలువడిన పరిశోధన చూపింది.

మిత్రులారా, మనలో చాలామంది రేపు ఉపాధ్యాయులమవుతాం, తల్లిదండ్రులమవుతాం. కట్టుతో వచ్చిన పిల్లవాణ్ణి "ఎందుకు పడ్డావురా?" అని గద్దించే ముందు "ఇది ఎన్నోసారి?" అని లెక్క చూద్దాం. ఆ లెక్క పెరుగుతోందంటే పిల్లవాడికి కావలసింది బెత్తం కాదు, వైద్యుడు.